రెండు చుక్కల సాక్ష్యం

రేపల్లెలో మూతపడ్డ ఆ రైస్ మిల్లు తాళం తీసేసరికి దశరథరామయ్య గారికి చెమటలు పట్టాయి. తుప్పుపట్టిన తాళం చేతికి రాగానే ఆయన నాలుగడుగులు వెనక్కి వేశాడు. మిల్లు తనదే అయినా, అది ఆగిపోయిన దగ్గర్నుంచి లోపలికి తొంగి చూడలేదని, ఇప్పుడూ చూసే ఉద్దేశం లేదని, పని అయ్యాక తలుపు దగ్గరగా వేసి రమ్మని చెప్పి ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

సాబిరా సంచిలోంచి రెండు మాస్కులు తీసింది. ఒకటి తను బిగించుకుని రెండోది మధుబాబుకి ఇచ్చింది. అతను దాన్ని చేతిరుమాలులా మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"ఇది పెట్టుకుంటే నేనెవరో చూసేవాళ్ళకి తెలీదు కదండీ," అన్నాడు, కర్రకి బిగించిన ఫోను సర్దుకుంటూ.

మధుబాబు బాపట్లలో డిటెక్టివ్. కేసు తేలకముందే సగం కథ యూట్యూబ్‌లో చెప్పేస్తాడు. రోహిణి ఎండల్లో కూడా కోటు విప్పడు. సాబిరాది తెనాలి. కింద భర్త ముబారక్ టైలరింగ్ షాపు, పైగదిలో ఆమె ఆఫీసు. ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిముల గుట్టు లాగే ఉద్యోగం చాలా ఏళ్ళు చేసి, విసుగొచ్చి సొంత బోర్డు పెట్టుకుంది. వీళ్ళిద్దరూ ఒకే కేసులో తగులుకోవడం కొత్తేం కాదు. వెనక ఎవరు గెలిచారంటే, ఆ జవాబు అడిగిన ఊరిని బట్టి మారుతుంది.

ఈసారి కేసు ఒక కిరీటం గురించి. బాపట్లలో ఉండే హైమావతి గారు నలభై ఏళ్ళు నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టిన మనిషి. ఆవిడ నటనకి మురిసిపోయి జనం చందాలు వేసుకుని వెండితో చేయించి, బంగారు నీరు పెట్టించి, రాళ్ళు పొదిగించి ఇచ్చిన కిరీటం అది. తన తర్వాత అది తెనాలి నాటక సమాజానికే చెందుతుందని ఒక సన్మానసభలో ఆవిడ మైకు పట్టుకుని చెప్పేసింది. తర్వాత కాదు, ఇప్పుడే ఇప్పించండమ్మా అని సమాజం కార్యదర్శి బసవపున్నయ్య వెంటపడ్డాడు. తీరా పుచ్చుకోవడానికి మేళతాళాలతో వచ్చిన రోజున చూస్తే బీరువాలో కిరీటం లేదు. ఆవిడ వద్దంటున్నా వినకుండా బసవపున్నయ్యే వెళ్ళి పోలీసు రిపోర్టు ఇచ్చాడు. మధుబాబుని పెట్టింది కూడా ఆయనే.

తర్వాత కొన్నాళ్ళకి మిల్లులో సామాను అమ్మేద్దామని దశరథరామయ్య గారు కృపమ్మ అనే కూలీమనిషిని పెట్టి అటక ఊడ్పిస్తే, గోనెసంచిలో కిరీటం బయటపడింది. ఆవిడ దాన్ని నేరుగా స్టేషన్‌కి తీసుకెళ్ళి అప్పజెప్పింది. పోలీసులు లెక్క కట్టారు. హైమావతి గారి కారు డ్రైవరు అఫ్జల్ వయసులో ఉన్నప్పుడు ఇదే మిల్లులో లారీ క్లీనరు. వెనక తలుపు ఎలా తోస్తే తెరుచుకుంటుందో అతనికి తెలుసు. బీరువా తాళాలు వేలాడే చోటూ తెలుసు. ఇంకేం కావాలి? అరెస్టయ్యాడు. బెయిలు మీద వచ్చాడుగానీ ఈ వారంలో ఛార్జిషీటు వేసేస్తారు. మిల్లు మూతపడ్డాక ఆ గడప తొక్కలేదని అతను పిల్లల మీద ఒట్టేశాడు. విన్నవాళ్ళు లేరు, ఒక్క హైమావతి గారు తప్ప. సాబిరాని పిలిపించి, వాడు తీయలేదమ్మా, ఎలాగైనా వాణ్ణి బయటపడెయ్యి అని చేతులు పట్టుకుంది.

లోపల చీకటి కంటే ముందు వాసన తగిలింది. కప్పు నిండా గబ్బిలాలు. కింద నేల మీద వాటి పెంటిక అంగుళాల మందాన పేరుకుపోయి, అడుగు వేస్తే పిండిలా లేస్తోంది. మధుబాబు ఫోను పైకెత్తి ధారాళంగా మాట్లాడుతూ, మధ్యమధ్య దగ్గుతూ, ఇనుప నిచ్చెన ఎక్కి అటక మీదికి పోయాడు. కిరీటం దొరికిన మూలని, కృపమ్మ చీపురు గీతల్ని, ఒక చెప్పు గుర్తుని చూపిస్తూ అది అఫ్జల్ చెప్పేనని ప్రేక్షకులకి మాటిచ్చాడు.

సాబిరా పైకి ఎక్కలేదు. ఆమె చూపు నిచ్చెన పక్కన నేల మీద ఆగింది. అక్కడ ఒక చెక్కపెట్టె, దాని మీద నాలుగు మడతలు వేసిన గోనెసంచి ఉన్నాయి. చుట్టూ మందంగా పెంటిక ఉంటే సంచి మీద మాత్రం పల్చగా రాలింది. సామాను మోసుకొచ్చినవాడు పెట్టె మీద గోనె మడతపెట్టి పరుచుకోడు. ఎవరో కూర్చోవడానికి ఇంకెవరో మర్యాదగా వేసిన ఆసనం అది. ఒకరు పైకెక్కారు, ఒకరు కింద కూర్చుని చూశారు. కూర్చున్నది నిచ్చెన ఎక్కలేని మనిషో, ఎక్కనవసరం లేని మనిషో.

పైనుంచి దిగొచ్చిన మధుబాబుకి అది చూపించింది. అతను దాన్ని కాలితో పక్కకి నెట్టి, ఇద్దరు దొంగలంటే కథ పొడుగైపోతుందండీ, జనం చూడరు అన్నాడు.

*

ఈ కేసులో చర్మపరీక్ష సంగతి కృపమ్మ వల్ల వచ్చింది. అటక ఊడ్చిన కొన్నాళ్ళకే ఆవిడకి జ్వరం, ఆగని దగ్గు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో మచ్చలు. అందరూ టీబీ అనుకున్నారు. తెనాలిలో డాక్టర్ లక్ష్మి ఒక్కర్తే ఆవిణ్ణి కూర్చోబెట్టి ఏం పని చేశావు, ఎక్కడ చేశావు అని ఓపిగ్గా అడిగింది. అది టీబీ కాదు, గబ్బిలాల పెంటికలో పెరిగే ఒక ఫంగస్. దుమ్ముతో పాటు లోపలికి పోతుంది. మందు పడ్డాక కృపమ్మ కోలుకుంది. పలకరించడానికి వెళ్ళిన సాబిరాకి ఆవిడే ఇదంతా చెప్పింది. చెబుతూ చేతి మీద గట్టిపడ్డ పొంగు కూడా చూపించింది. డాక్టరమ్మ సూదితో చుక్కంత మందు వేస్తే రెండు రోజుల్లో ఇలా పొంగిందని నవ్వింది.

సాబిరా అటునుంచి అటే లక్ష్మి ఆసుపత్రికి వెళ్ళింది. ఆ ఫంగస్ ఒకసారి ఒంట్లోకి పోతే ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుందని, దాని సారాన్ని చర్మం కింద వేస్తే గుర్తుపట్టి పొంగుతుందని లక్ష్మి వివరించింది. ఆ మందు బజారులో దొరికేది కాదు. డెల్టా జనంలో ఫంగస్‌లని తట్టుకునే శక్తి ఎలా ఉందో తెలుసుకునే పరిశోధన కోసం అనుమతులు తీసుకుని తెప్పించింది. బీరువా తాళాలు అందే ముగ్గురికీ ఆ పరీక్ష చేస్తారా అని సాబిరా అడిగితే లక్ష్మి కళ్ళజోడు తీసి ఆమె వైపు చూసింది.

"ఇది దొంగల్ని పట్టే పరీక్ష కాదండి. చెయ్యి పొంగితే ఎక్కడో ఎప్పుడో ఆ దుమ్ము పీల్చారని అర్థం. అంతే. ఇష్టపడి వస్తేనే చేస్తాను."

ఇష్టపడే వచ్చారు. అఫ్జల్ అయితే రెండు చేతులూ చాపాడు. వంటమనిషి సుగుణమ్మ, సూది నొప్పి ఉండదంటే సరేనంది. హైమావతి గారి మేనల్లుడు జయకృష్ణ ఒక్కడే కొంచెం నసిగి, కాదంటే బాగుండదని ఒప్పుకున్నాడు. సూదులు వేసిన రోజున సాబిరా అఫ్జల్ చేతి వంకే చూస్తూ కూర్చుంది. అఫ్జల్ చెయ్యి పొంగితే, తనే అతన్ని జైలుకి పంపినట్టవుతుంది. మిల్లు ఆడుతున్న రోజుల్లో గబ్బిలాలు లేవు, అది మూతపడ్డాకే చేరాయి. ఆమె ధైర్యమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

చుక్కలు ముదిరేలోగా ఆమె బాపట్ల వెళ్ళి జయకృష్ణని అతని విత్తనాల కొట్లోనే పట్టుకుంది. మనిషి మంచివాడు. మేనత్త మాట జవదాటడని ఊరంతా చెబుతుంది. మాట్లాడుతున్నంత సేపూ పొడిదగ్గు దగ్గుతూనే ఉన్నాడు. ముందు సన్నగా ఉండేవాడట, ఇప్పుడు బుగ్గలు ఉబ్బి మొహం పూరీలా గుండ్రంగా ఉంది. కిరీటం పోయిన వారంలో ఎక్కడున్నారని అడిగింది. కొట్లోనే ఉన్నానన్నాడు. పొద్దున ఎప్పుడు తీశారు, మధ్యాహ్నం ఎవరు కూర్చున్నారు, సాయంత్రం ఎవరొచ్చారు అని అడిగితే ఆగకుండా, తడుముకోకుండా వరసగా చెప్పాడు. నిన్న మధ్యాహ్నం భోజనంలోకి ఏం కూర అంటే మాత్రం గుర్తురాలేదు.

"దగ్గు ఎన్నాళ్ళ నుంచండి?" అంది సాబిరా.

"పురుగుమందుల వాసనండి. ఈ వ్యాపారంలో మామూలే," అన్నాడు అతను, అటు తిరిగి.

*

ఫలితం చూసే రోజు మధ్యాహ్నం లక్ష్మి ఆసుపత్రి హాలు పెళ్ళివారి విడిదిలా ఉంది. ముగ్గురూ రైల్లో కలిసే వచ్చారు. సుగుణమ్మ అందరికీ పెరుగన్నం మూటకట్టి తెచ్చింది. బసవపున్నయ్య కండువాతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. అఫ్జల్ భార్య ఆస్మా గోడకి ఆనుకుని పెదాలు కదుపుతూ దువా చేసుకుంటోంది. హైమావతి గారు రాలేదు, ఒంట్లో నలతగా ఉందని ఇంటి దగ్గరే పడుకున్నారని సుగుణమ్మ చెప్పింది. మధుబాబు ఫోను కర్రతో తయారు. ముగ్గురినీ అడిగి, వాళ్ళు సరేనన్నాకే లక్ష్మి దాన్ని లోపలికి రానిచ్చింది.

ముందు అఫ్జల్ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ముంజేతి మీద పెన్నుతో చుట్టిన రెండు సున్నాలు, ఒకటి మోచేతి వైపు, ఒకటి మణికట్టు వైపు. పై సున్నాలో ఎర్రటి పొంగు రూపాయి బిళ్ళంత లేచి ఉంది.

మధుబాబు ఫోను దాని మీద పెట్టి గొంతు పెంచాడు. గబ్బిలాలు చెప్పిన సాక్ష్యమని, సైన్సు అబద్ధం ఆడదని, రేపల్లె మిల్లులో తను చెప్పిందే నిజమైందని ప్రేక్షకులకి విన్నవించుకున్నాడు. తర్వాత ఫోను జయకృష్ణ వైపు తిప్పాడు. అతని చెయ్యి నున్నగా ఉంది. ఎరుపు లేదు, పొంగు లేదు, సున్నాలు లేకపోతే సూది వేసిన చోటు కూడా తెలిసేది కాదు. బసవపున్నయ్య తృప్తిగా తలాడించాడు. ఆస్మా అలాగే గోడవారన కిందికి జారి కూర్చుంది.

"సాబిరా గారూ, మీ పరీక్షే నా కేసు గెలిపించింది. మీ పేరు కూడా చెబుతాలెండి," అన్నాడు మధుబాబు పెద్దమనసుతో.

సాబిరా సుగుణమ్మ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. ఆవిడకీ పై సున్నాలో పొంగు ఉంది. కింది సున్నా ఖాళీ. అచ్చం అఫ్జల్ చేతి మీద ఉన్నట్టే.

"డాక్టర్ గారూ, ఈ రెండు సున్నాలూ ఒకటేనా?"

లక్ష్మి అప్పటికే బాల్‌పెన్నుతో అఫ్జల్ చర్మం మీద మెల్లగా గీసుకుంటూ వస్తోంది. గట్టి చోటు తగిలి పెన్ను ఆగిన దగ్గర గీత ఆపి, స్కేలుతో కొలిచింది. ఒకటి కాదని తాపీగా చెప్పింది. గబ్బిలాల ఫంగస్ సారం వేసింది కింది సున్నాలో. అది అఫ్జల్‌కి గానీ సుగుణమ్మకి గానీ పొంగలేదు. వాళ్ళు ఆ దుమ్ము పీల్చిన జాడ లేదు. పై సున్నాలో వేసింది వేరే మందు, అందరి నోట్లోనూ పేగుల్లోనూ పుట్టినప్పట్నుంచీ ఉండే మామూలు ఫంగస్‌ది. దాన్ని ప్రతి ఒళ్ళూ ఎరిగే ఉంటుంది. ఒంట్లో రక్షణ బాగుంటే పై చుక్క పొంగి తీరాలి. అది పొంగితేనే కింది చుక్క చెప్పిన మాట నమ్మొచ్చు.

ముందు ఆస్మాకి అర్థమైంది. కొంగుతో మొహం కప్పుకుని ఏడుస్తూనే నవ్వింది. మధుబాబు ఫోను నెమ్మదిగా కిందికి దించాడు. అది లైవ్‌లో ఉందన్న సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"అయితే జయకృష్ణ గారికి పైదీ పొంగలేదు, కిందిదీ పొంగలేదు," అంది సాబిరా. "దానర్థం ఏంటండి?"

"ఈయన చెయ్యి ఏ మాటా చెప్పడం లేదని అర్థం. దాని నోరు నొక్కేశారు." లక్ష్మి జయకృష్ణ మొహాన్ని, ఉబ్బిన బుగ్గల్ని పరిశీలనగా చూసింది. "మీరు ఏం మాత్రలు వాడుతున్నారు?"

అతను మాత్రలేం లేవన్నాడు. ఆ మాట పూర్తి కాకుండానే దగ్గు తెర వచ్చి వంగిపోయాడు. లక్ష్మి అందరినీ బయటికి పంపి, సాబిరాని ఉండమనాలా వద్దా అని అతన్నే అడిగింది. ఉండనివ్వండి అన్నాడు నీరసంగా. వేలికి తగిలించిన యంత్రం చూశాక లక్ష్మి మొహంలో తాపీతనం పోయింది. ఆక్సిజన్ తగ్గింది. ఎక్స్‌రే తీయించి దీపం పెట్టె మీద పెడితే కృపమ్మ ఊపిరితిత్తుల్లో ఉన్నలాంటి మచ్చలే, ఇంకా దట్టంగా, ఆవాలు చల్లినట్టు ఉన్నాయి.

ఇక దాచలేక జయకృష్ణ చెప్పాడు. ఆయాసం వస్తే ఎవరో మందులషాపాయన ఒక మాత్ర ఇచ్చాడట. వేసుకోగానే ఒళ్ళు తేలికపడింది, ఆకలి పుట్టింది. బాగుంది కదా అని అప్పట్నుంచీ రోజూ వాడుతూనే ఉన్నాడు. జేబులోంచి తీసిన అట్ట చూడగానే లక్ష్మి అవి స్టెరాయిడ్లని చెప్పింది. ఒంటికి కాపలా కాసేవాళ్ళని అవి నిద్రపుచ్చుతాయి. చెయ్యి పొంగకపోవడం అందువల్లే కావచ్చు. లోపల ఆ గబ్బిలాల ఫంగస్ ఉంటే మాత్రం కాపలా లేని ఇంట్లో అది ఆడిందే ఆట. ఊపిరితిత్తులు దాటి లివర్‌కీ మెదడుకీ పోతుంది. అలాగని వాటిని ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే, తను చెప్పినట్టు తగ్గించాలి.

"నేను పోలీసుని కాదు," అంది లక్ష్మి. "రక్తపరీక్ష రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది. మీరు ఆ దుమ్ములోకి వెళ్ళారని తెలిస్తే ఈ క్షణమే మందు మొదలుపెడతాను. వెళ్ళలేదంటే టీబీ పరీక్షలతో మొదలుపెట్టాలి. చెప్పండి."

జయకృష్ణ చాలాసేపు తన నున్నటి చేతి వంక చూసుకున్నాడు.

"ఒక్కసారి వెళ్ళినా వస్తుందాండి?"

అంతే. లక్ష్మి నర్సుని కేకేసి మందు రాయడంలో పడింది. సాబిరా స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆమెకి గెలిచానన్న సంబరం రావాల్సిన సమయం. కానీ ఎదురుగా ఉన్నది దొంగ మొహంలా లేదు. మోయలేని మూట దించుకున్న మనిషి మొహంలా ఉంది.

"నిచ్చెన ఎక్కింది మీరు. కింద పెట్టె మీద గోనె మడిచి ఎవరిని కూర్చోబెట్టారు?"

అతను కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఒక్కొక్క మాటే చెప్పాడు. సభలో ఇస్తానన్నదిగానీ ఇంటికొచ్చి కిరీటం ఒళ్ళో పెట్టుకుని అత్తయ్య రాత్రంతా కూర్చుందట. అది లేకపోతే నేనెవర్నిరా అందట. ఇవ్వననడానికి నోరు రాలేదు. పోయిందంటే ఎవరూ అడగరనుకుంది. అఫ్జల్ ఎప్పుడో కబుర్లలో చెప్పిన మిల్లు వెనక తలుపు గుర్తొచ్చి, అద్దెకారు మాట్లాడుకుని ఇద్దరూ రేపల్లె వెళ్ళారు. ఎక్కడ పెడతాడో కళ్ళారా చూస్తేగానీ ఆవిడకి నమ్మకం కుదరలేదు. అఫ్జల్‌ని పట్టుకుపోతారని కలలో కూడా అనుకోలేదు. ఆవిడ ఆ రోజు నుంచీ సరిగ్గా అన్నం తినలేదు. చెప్పేద్దాం అని ఇతను, వాణ్ణి బయటపడేశాక చెబుదాం అని ఆవిడ, రోజులు నెట్టుకొచ్చారు.

సాబిరాని కేసులో పెట్టిన మనిషే కేసు. కోపం రావాలో జాలి పడాలో తేల్చుకునేలోపు ఇంకో ఆలోచన ఆమెని స్టూలు మీంచి లేపింది.

"ఆవిడకి దగ్గు ఉందా?"

"పది రోజుల నుంచి." జయకృష్ణ మాత్రల అట్ట వంక చూశాడు. "నాకు తగ్గింది కదా అని... నా మాత్రలే ఇస్తున్నానండి."

లక్ష్మి చేతిలో పెన్ను ఆగిపోయింది. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి అంది.

సాబిరా హాల్లోకి వచ్చింది. అఫ్జల్ చుట్టూ చేరి అందరూ పెరుగన్నం తింటున్నారు. సుగుణమ్మ బసవపున్నయ్యకి కూడా ఆకు వేసింది. ఇంట్లో ఆవిడ దగ్గర ఎవరున్నారని అడిగితే సుగుణమ్మ ఎవరూ లేరమ్మా, మేమందరం ఇక్కడే ఉన్నాం కదా అంది. విషయం రెండు ముక్కల్లో విని అఫ్జల్ విస్తరి మీంచి లేచాడు. ఎవరి వల్ల జైలుకి పోయాడో ఆ పేరు విన్నా అతను క్షణం ఆలోచించలేదు, పెద్దమ్మగారికి అరటిపండు తప్ప ఏమీ సహించడం లేదని నిన్నే అనుకున్నాను అంటూ చెయ్యి కడుక్కున్నాడు. మధుబాబు ఫోను కట్టేసి కోటు విప్పి కుర్చీ మీద పడేశాడు. అతని ఒంటి మీద కోటు లేకుండా చూడటం సాబిరాకి అదే మొదటిసారి.

"నా కారు గుమ్మంలోనే ఉందండి. అఫ్జల్ అయితే నాకంటే గట్టిగా తోలతాడు," అని తాళాలు అతని చేతిలో పెట్టాడు. లక్ష్మి గుమ్మం దాకా వచ్చి, మీరు తిరిగొచ్చాక నాకు కనపడాలి, ఆ మిల్లులో మాస్కు లేకుండా తిరిగారట కదా అని అతనికి చెప్పింది. మధుబాబు గొంతు సవరించుకోబోయి, దగ్గులా ఉంటుందేమోనని మానేశాడు.

కారు తెనాలి దాటుతుండగా సాబిరా బాపట్లకి అంబులెన్సు పంపమని చెప్పి, హైమావతి గారి నంబరు నొక్కింది. చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకునేసరికి ఎత్తారు.

"అఫ్జల్ చెయ్యి ఎలా ఉందే అమ్మాయ్?" అంది ఆవిడ. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఈల వేస్తోంది.

"బాగుందండి. అతను బయటపడ్డాడు. మేము మీ దగ్గరికే వస్తున్నాం."

అటువైపు సన్నగా ఒక నవ్వు.

"అయితే కృష్ణ చెప్పేశాడన్నమాట. మంచిది. నేను తలుపు గడియ తీసి ఉంచుతాను."

కుర్చీ జరిగిన చప్పుడు, నాలుగడుగుల చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత బరువైనదేదో నేలకి తగిలింది. గడియ తీసిన చప్పుడు మాత్రం రాలేదు.